నోటి దుర్వాసన - సూక్ష్మజీవులు

తెల్లవారి లేచినవెంటనే ముఖము కడుగుకొనక ఎదుటివారితో దగ్గరగా మాటలాడుటకు ఎవరికైనను సంకోచము కలుగును. పాచినోటితో కాఫీ అయినను త్రాగరాదని ఇంటిలోని పెద్దలు పిల్లలను మందలించుచుందురు. రాత్రి పరుండబోవునప్పుడు శుభ్రముగా ఉన్న నోరు ఏడెనిమిది గంటలలో, ఏమియు తినకయే, ఇట్లు వాసన వేయుటకు కారణమేమి? ఈ ప్రశ్నకు సమాధానము కడుపులో లేదు, రాత్రి తిన్న కూరలోను లేదు. అది నాలుకమీదను, దంతముల సందులలోను నివసించు కంటికి కనబడని జీవులలో ఉన్నది.

నోటి దుర్వాసన రెండు విధములు. తెల్లవారుజామున అందరికిని కలిగి, ముఖము కడుగుకొని ఏదైన తినగానే పోవునది మొదటిది. ఇది వ్యాధి కాదు. దినమంతయు విడువక, ఎన్ని లవంగములు నమలినను తిరిగి వచ్చునది రెండవది. దీనివలన కలుగు కష్టము చిన్నది కాదు. నోటికి చేయి అడ్డముపెట్టుకొని మాటలాడువారు, నలుగురిలో కూర్చుండుటకు వెనుదీయువారు, భార్యకో భర్తకో దూరముగా మెలగువారు ఎందరో కలరు. అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. విడువని దుర్వాసన అనేక పర్యాయములు చిగుళ్ళ వ్యాధికి తొలి సూచన. ఆ వ్యాధి నొప్పి లేకుండ నడచి, చివరకు గట్టి దంతములనే ఊడగొట్టును. కావున ఈ వాసనను దాచుటకంటె దాని పుట్టుకను తెలిసికొనుట మేలు.

మొదట చూచినవాడు

నోటిలో జీవులు కలవని మొదట కన్నులార చూచినవాడు హాలెండు దేశమందలి డెల్ఫ్ట్ నగరములోని ఒక బట్టల వర్తకుడు. ఆయన పేరు ఆంటనీ వాన్ లీవెన్‌హోక్. తాను స్వయముగా అరగదీసి చేసికొన్న చిన్న కటకములతో ఆయన నీటిబొట్టులను, రక్తమును, ఇంకను ఎన్నిటినో పరీక్షించెను. ప్రతిదినము ఉప్పుతో పండ్లు తోముకొను అలవాటు ఆయనకు ఉండెను. అయినను దవడపండ్ల సందులలో పిండివంటి తెల్లని పదార్థము కొంత నిలిచియుండుట చూచి, దానిని వాననీటిలో కలిపి కటకము క్రింద ఉంచెను. అందులో చురుకుగా ఈదులాడుచున్న అతిసూక్ష్మ ప్రాణులు కనబడినవి. ఈ వింతను ఆయన 1683వ సంవత్సరము సెప్టెంబరులో లండనులోని రాయల్ సొసైటీకి లేఖగా వ్రాసి పంపెను. జన్మములో పండ్లు తోమి ఎరుగని ఒక వృద్ధుని నోటిలోని పాచిని చూచినప్పుడు ఆ జీవుల సందడి ఇంకను అధికముగా ఉండెను.

లీవెన్‌హోక్ మరొక పరీక్షయు చేసెను. ఘాటైన ద్రాక్షసారపు సిర్కాతో నోరు పుక్కిలించి, తరువాత పాచిని తీసి చూచెను. అందులోని జీవులు ఎప్పటివలెనే బ్రతికియున్నవి. కాని ఆ పాచిని బయటకు తీసి సిర్కాతో కలిపినప్పుడు మాత్రము అవి చనిపోయినవి. సిర్కా పాచి యొక్క పైభాగమున ఉన్నవానినే చంపినదిగాని లోపలికి చొరలేదని ఆయన నిర్ణయించెను. ఆ నిర్ణయము నేటికిని సత్యమే. పాచి అనునది ఊరక చేరిన మురికి కాదు. సూక్ష్మజీవులు తమచుట్టు జిగురును స్రవించి, పొరలు పొరలుగా కట్టుకొన్న కోట వంటిది. నోరు పుక్కిలించు మందులు ఎంత ఘాటైనను ఈ కోట గోడను దాటలేవు. పుల్లతోనో కుంచెతోనో రుద్ది, గోడనే పడగొట్టవలయును.

నోటిలోని నివాసులు

బాక్టీరియములు ఎంత చిన్నవనగా, వేయింటిని ప్రక్కప్రక్కన పేర్చినచో సుమారు ఒక మిల్లీమీటరు పొడవగును. ఒక మిల్లీలీటరు లాలాజలములో ఇవి సుమారు పదికోట్లు ఉండును. ఒక గ్రాము పాచిలో పదివేల కోట్ల వరకు ఉండునని లెక్కకట్టినారు. మానవుల నోటిలో ఇంతవరకు గుర్తింపబడిన జాతులు ఏడువందలకు పైబడినవి. ఏ ఒక్కరి నోటిలోను ఇవి అన్నియు ఉండవు. ఒక్కొక్కరిలో నూరు మొదలు రెండువందల జాతులవరకు కాపురముండును.

ఈ నివాసులలో పెక్కు నిరపాయమైనవి. కొన్ని మేలుచేయునవియు కలవు. బయటనుండి వచ్చు రోగకారక క్రిములకు చోటు దొరకకుండ చేయుట వాని మేళ్ళలో ఒకటి. నోరు ఒకటే అయినను అందులోని పేటలు వేరువేరు. బుగ్గల లోపలిభాగము, పంటి పైభాగము వంటి బయలుచోట్ల ప్రాణవాయువు సమృద్ధిగా ఉండును. అక్కడ నివసించునవి ఒక తెగ. నాలుక వెనుకభాగపు గరుకుల లోతున, చిగురునకును పంటికిని నడుమనుండు సందులో ప్రాణవాయువు సోకదు. ప్రాణవాయువు లేనిచోటనే వర్ధిల్లు జీవులు అక్కడ చేరును. దుర్వాసనకు ముఖ్యకారకులు ఈ రెండవ తెగవారే. పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్, ఫ్యూసోబాక్టీరియమ్ న్యూక్లియేటమ్, ట్రెపోనెమా డెంటికోలా, ప్రివోటెల్లా ఇంటర్మీడియా, సోలోబాక్టీరియమ్ మూరై అనునవి వీనిలో పేర్కొనదగినవి.

వాసన ఎట్లు పుట్టును?

చెత్తకుండీలోని చేపతలయు, మరచిపోయిన కోడిగ్రుడ్డును కుళ్ళి కంపుకొట్టుటకు కారణమైన క్రియయే నోటిలోను జరుగును. అది మాంసకృత్తులు విచ్ఛిన్నమగుట. మాంసాహారము తిననివారి నోటిలో మాంసకృత్తులు ఎక్కడివి అని సందేహము కలుగవచ్చును. తిన్న పప్పు, పాలు మొదలగువాని తునుకలు కొంత. అయితే తినినను తినకున్నను నోటిలో వీనికి కొరతలేదు. లాలాజలమునకు జిగటతనము నిచ్చు పదార్థము మాంసకృత్తే. నోటి లోపలి చర్మమునుండి పాతకణములు ఎడతెగక రాలుచుండును. చిగుళ్ళు వాచియున్నచో రక్తమును, రసియు ఊరుచుండును. సూక్ష్మజీవులకు ఇదియంతయు విందుభోజనమే.

ఈ విందు వరుసక్రమమున జరుగును. లాలాజలపు జిగట పదార్థమందలి మాంసకృత్తు అణువులకు చుట్టును చక్కెరలు తొడుగువలె అంటియుండును. తొడుగు ఉన్నంతవరకు లోపలిదానిని కొరుకుట కష్టము. స్ట్రెప్టోకోకస్ సలైవేరియస్ వంటి జీవులు తమ ఎంజైములతో ఆ చక్కెర తొడుగును ఒలిచి తినును. తొక్క ఒలిచిన పండు వలె మిగిలిన మాంసకృత్తును పోర్ఫిరోమోనాస్ వంటివి ముక్కలు చేసి, ఎమినో ఆమ్లములుగా విడగొట్టును. ఎమినో ఆమ్లములలో రెండింటియందు గంధకము కలదు. సిస్టీన్ అనుదానినుండి హైడ్రొజన్ సల్ఫైడు అను వాయువు పుట్టును. కుళ్ళిన కోడిగ్రుడ్డు వాసన దీనిదే. మిథియోనైన్ అనుదానినుండి మిథైల్ మెర్కాప్టన్ పుట్టును. ఇది కుళ్ళిన క్యాబేజీని తలపించును. డైమిథైల్ సల్ఫైడు అను మూడవ వాయువుకూడ స్వల్పముగా ఉండును.

ఇవి అతిస్వల్ప పరిమాణములోనే ముక్కునకు తెలియును. నూరుకోట్ల పాళ్ళ గాలిలో కొద్ది పాళ్ళు మిథైల్ మెర్కాప్టన్ ఉన్నను మనుష్యుని నాసిక పసికట్టగలదు. ఇట్టి స్వల్ప వాయువులను కొలుచుట చిరకాలము సాధ్యము కాలేదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయమునకు చెందిన జోసెఫ్ టొంజెటిక్ 1960వ దశకమునుండి ఈ విషయమున కృషిచేసెను. వాయువులను వేరుచేసి కొలుచు గ్యాస్ క్రొమటోగ్రఫీ అను పద్ధతితో, నోటిగాలిలోని దుర్వాసనకు పై గంధక వాయువులే ముఖ్యకారణమని 1971లో నేరుగా కొలిచి నిరూపించెను.

గంధక వాయువులకు తోడుగా మరికొన్ని పదార్థములును చేరును. లైసిన్ అను ఎమినో ఆమ్లమునుండి కెడావరిన్, ఆర్నిథిన్‌నుండి ప్యుట్రెసిన్, ట్రిప్టోఫాన్‌నుండి ఇండోల్, స్కటోల్ అనునవి పుట్టును. కెడావరిన్ అను పేరునకు మూలము శవము అను అర్థముగల లాటిను మాట. పేరే దాని గుణమును తెలుపుచున్నది.

సూక్ష్మజీవులే దీనికి మూలమనుటకు ఒక సులభమైన పరీక్ష కలదు. లాలాజలమును ఒక గాజుగొట్టములో మూసి, శరీరపు వేడిమియగు 37 డిగ్రీల వద్ద ఉంచినచో కొన్ని గంటలలో అది కుళ్ళువాసన వేయును. అదే లాలాజలమునుండి సూక్ష్మజీవులను, రాలిన కణములను ముందుగా వేరుచేసి తీసివేసినచో అట్టి వాసన పుట్టదు.

తీపి తెగ, కుళ్ళు తెగ

పుప్పిపంటికిని దుర్వాసనకును ఒకటే కారణమని పలువురు తలతురు. రెండును బాక్టీరియముల పనియే అయినను, రెండింటి మార్గములు వేరు. చక్కెరను, పిండిపదార్థములను తిని ఆమ్లమును పుట్టించు జీవులు దంతములను తొలిచి పుప్పి కలిగించును. బెర్లినులో పనిచేసిన అమెరికా దంతవైద్యుడు మిల్లర్ 1890లో వెలువరించిన గ్రంథమున ఈ సంగతిని విపులముగా చర్చించెను. మాంసకృత్తులను తినునవి దీనికి భిన్నముగా క్షారస్వభావమును పెంచును. ఆమ్లము ఉన్నచోట దుర్వాసనక్రియ మందగించును. క్షారము హెచ్చినచోట చురుకగును.

ఉపవాసదినమున నోరు వాసనవేయుటకు కారణము ఇందువలన బోధపడును. శివరాత్రికో, ఏకాదశికో, రంజాను మాసములోనో పగలంతయు ఏమియు తిననప్పుడు పిండిపదార్థము లేక తీపి తెగ పస్తుండును. నమలుట లేనందున లాలాజలము తగ్గును. రాలిన కణములను తిను కుళ్ళు తెగకు మాత్రము భోజనము తప్పదు. ఉపవాసము దీర్ఘమైనచో శరీరము క్రొవ్వును కరిగించుటవలన పుట్టు కీటోనుల వాసనకూడ ఊపిరిలో కలియును. భోజనము చేయగానే నోరు కొంత శుభ్రపడుటకు నమలుటలోని రాపిడియు, ఊరిన లాలాజలమును కారణములు.

అట్లని దుర్వాసన పోవుటకై తీపి బిళ్ళలు చప్పరించుట తగదు. వాసన కాసేపు తగ్గినను దంతములకు పుప్పి తగులును. ఒక దొంగను వెళ్ళగొట్టుటకు మరొక దొంగను పిలిచినట్లగును.

లాలాజలము - నోటి కాలువ

ఆరోగ్యవంతునికి దినమునకు సుమారు అరలీటరు మొదలు ఒకటిన్నర లీటరువరకు లాలాజలము ఊరును. అది ఎడతెగక ప్రవహించి, ఆహారపు తునుకలను, జీవులను కడుపులోనికి కొట్టుకొనిపోవును. ప్రాణవాయువును నోటి మూలలకు చేర్చును. అందున్న కొన్ని ఎంజైములు సూక్ష్మజీవులను అదుపులో ఉంచును. నిద్రించునప్పుడు ఈ ప్రవాహము దాదాపు ఆగిపోవును. కదలని గుంటలో నీరు పాచిపట్టినట్లే, రాత్రివేళ నోటిలో కుళ్ళు తెగ వృద్ధిపొందును. తెల్లవారునప్పటి వాసనకు కారణమిదే. నోరు తెరచుకొని నిద్రించువారికి, గురకపెట్టువారికి నోరు ఎండి వాసన ఇంకను హెచ్చును.

పగటిపూటకూడ నోరెండుటకు హేతువులు పెక్కు. తగినంత నీరు త్రాగకపోవుట, పొగత్రాగుట, మద్యపానము, ముదిమి మొదలైనవి అట్టివి. జలుబు, ఎలర్జీ, మానసిక కుంగుబాటు, రక్తపుపోటు మొదలగువానికి వాడు మందులలో కొన్ని లాలాజలమును తగ్గించును. మందు మొదలిడిన తరువాత నోరెండి వాసన వచ్చుచున్నచో ఆ మాట వైద్యునికి చెప్పవలయును. తమంతట తామే మందు మానరాదు.

పొగాకు సంగతి వేరుగా చెప్పదగినది. చుట్ట, బీడీ, గుట్కా ఏదైనను తన వాసనను తాను మిగుల్చును. చిగుళ్ళ వ్యాధిని పెంచును. అది చాలక, పొగాకు చిగుళ్ళకు రక్తప్రసారమును తగ్గించుటచే వ్యాధి ఉన్నను రక్తము కారక, హెచ్చరిక మరుగుపడును. ఉత్తరాంధ్ర తీరపుటూళ్ళలో, ముఖ్యముగా స్త్రీలలో, చుట్ట నిప్పును నోటిలోపల ఉంచి కాల్చు అడ్డపొగ అలవాటు ఉండెను. అది అంగిలికి క్యాన్సరు తెచ్చునని విశాఖపట్టణములో జరిగిన పరిశోధనలు ఎన్నడో తెలిపినవి.

నాలుక

విడువని దుర్వాసనతో బాధపడువారిలో నూటికి ఎనుబదినుండి తొంబదిమందికి దాని మూలము నోటిలోనే ఉండును. అందులోను తొలి అనుమానితురాలు నాలుక. నాలుక నునుపైనది కాదు. దానిపై సన్నని మొగ్గలు తివాచి నూలువలె దట్టముగా లేచియుండును. ముందుభాగము పండ్లకు, అంగిలికి రాసికొని కొంత శుభ్రపడును. గొంతువైపునున్న వెనుకభాగమునకు ఆ రాపిడి తక్కువ. రాలిన కణములు, ముక్కువెనుకనుండి జారు చీమిడి, ఆహారపు నలుసులు అక్కడ చిక్కుకొని, తెల్లగానో పసుపుపచ్చగానో పూతవలె పేరుకొనును. ఆ పూత అడుగున ప్రాణవాయువు లేదు. కుళ్ళు తెగకు అంతకంటె అనువైన చోటు లేదు.

ఈ సంగతి మనదేశపు ప్రాచీనవైద్యులకు తెలియనిది కాదు. నాలుక మొదట పేరుకొన్న మలము దుర్గంధమునకు కారణమగునని, కావున నాలుకను గీసికొనవలయునని చరకసంహిత చెప్పుచున్నది. గీయు సాధనము బంగారము, వెండి, రాగి, తగరము, ఇత్తడి అనువానిలో దేనితోనైనను చేయవచ్చుననియు, అది పదునులేక వంపుగా ఉండవలయుననియు అందు కలదు. సూక్ష్మజీవులను వారు చూడలేదు. కాని వాసన పుట్టుచోటును సరిగా గుర్తించిరి. వేపపుల్లతో పండ్లు తోముకొని, ఆ పుల్లనే నిలువునా రెండుగా చీల్చి, వంచి, నాలుక గీసికొను పల్లెటూరి పద్ధతి ఈ సంప్రదాయమునకు చెందినదే. పుల్ల పోయి కుంచె వచ్చిన తరువాత అనేక గృహములలో పండ్లు తోముట నిలిచినది గాని నాలుక గీయుట మరుగుపడినది. ఇది నష్టమే.

చిగుళ్ళు - దొంగరోగము

పంటి మొదట చేరిన పాచిని రెండుమూడు దినములు తీయకున్నచో అది గట్టిపడ నారంభించును. లాలాజలములోని సున్నపు లవణములు అందులో చేరి గారగా మారును. గార గరుకుగా ఉండుటచే దానిపై మరింత పాచి నిలుచును. చిగుళ్ళు ఎఱ్ఱబడి వాచి, పండ్లు తోమునప్పుడు రక్తము కనబడును. ఈ దశలో శుభ్రత పాటించినచో చిగుళ్ళు మరల యథాస్థితికి వచ్చును.

అశ్రద్ధచేసినచో వ్యాధి లోపలికి దిగును. ఆరోగ్యముగానున్న చిగురునకును పంటికిని నడుమ సందు ఒకటి మొదలు మూడు మిల్లీమీటర్ల లోతు ఉండును. వ్యాధివలన ఇది నాలుగు, అయిదు, అంతకుమించిన మిల్లీమీటర్ల సంచిగా మారును. కుంచె అక్కడికి పోజాలదు. గంధక వాయువులను పుట్టించు జీవులు ఆ సంచులలో కాపురముండి, పంటిని పట్టియుంచు ఎముకను శరీరమే కరగించుకొనునట్లు చేయును. కరగిన ఎముక సాధారణముగా తిరిగి పెరుగదు. పూర్వము పయోరియా అని పిలిచినది ఈ వ్యాధినే. దీనికి పంటిపోటు వంటి నొప్పి ఉండదు. రక్తము, వాసన, చిగురు దిగజారుట, పంటి కదలిక, ఇవియే గుర్తులు. పంటి కదలిక తెలియునాటికి నష్టము చాలవరకు జరిగిపోయియుండును. మధుమేహము అదుపులోలేనివారికి ఈ వ్యాధి ఇంకను తీవ్రమగును.

దంతవైద్యునిచే గార తీయించినచో పండ్లు వదులగునని ఒక భయము జనులలో ఉన్నది. ఇది సరికాదు. ఎముక కరగి అప్పటికే వదులైన పండ్లను గారముద్ద పట్టియుంచుటచే గట్టిగా ఉన్నట్లు తోచును. గార తీసిన తరువాత ఉన్నస్థితి బయటపడును. తీయింపక విడిచినచో ఆ గార అడుగుననే మిగిలిన ఎముకయు పోవును.

నోటికి వెలుపలి కారణములు

అన్ని దుర్వాసనలు నోటివి కావు. గొంతులోని టాన్సిల్సు గుంటలలో తెల్లని చిన్నగడ్డలు పేరుకొని కంపుకొట్టవచ్చును. ముక్కుప్రక్క ఎముక గదులలో చీము చేరినను వాసన పుట్టును. చిన్నపిల్లలకు ఒక్క ముక్కురంధ్రమునుండియే చెడువాసనతో చీమిడి కారుచున్నచో, ఆ ముక్కులో బలపపు ముక్కయో, పూసయో, గింజయో ఇరుకుకొన్నదేమోయని వైద్యునిచే చూపింపవలయును.

వెల్లుల్లి తిన్నవాని నోరు ఎంత కడిగినను వాసన పోదు. దానిలోనుండి పుట్టు ఎలైల్ మిథైల్ సల్ఫైడు అను పదార్థము ప్రేగులనుండి రక్తములోనికి, రక్తమునుండి ఊపిరితిత్తులలోనికి చేరి, ఊపిరితో వెలువడుటయే కారణము. ఒకటి రెండు దినములలో అది దానంతట తగ్గును. మధుమేహము ముదిరి ప్రమాదస్థితికి వచ్చినవారి ఊపిరి పండిన పండ్లవలె తియ్యనివాసన వేయును. మూత్రపిండములు చెడినవారి ఊపిరిలో అమోనియా వాసన ఉండును. కాలేయము చెడినవారికి మరొకవిధమగు వాసన కలుగును. 2018లో నెదర్లాండ్సు శాస్త్రజ్ఞులు, వారి సహచరులు మరొక కారణము కనుగొన్నారు. కొన్ని కుటుంబములలో మిథైల్ మెర్కాప్టన్‌ను విరిచివేయవలసిన ఎంజైము పుట్టుకతోనే లోపించి, నోరు ఎంత శుభ్రమైనను ఊపిరి వాసనవేయుచుండెను. ఇట్టివారు అరుదు. అయినను, శుభ్రత లేదని ఇట్టివారిని నిందించుట అన్యాయమని ఈ పరిశోధన తెలిపినది.

కడుపులోని వాయువే నోటి వాసనకు కారణమను నమ్మకము మాత్రము చాలవరకు పొరపాటు. కడుపునుండి గొంతునకు పోవు నాళము మామూలుగా మూసికొనియుండును. త్రేనుపు వచ్చునప్పుడు తప్ప అక్కడి వాయువు పైకి రాదు. ఈ నమ్మకమువలన ఎందరో జీర్ణమునకు మందులు మ్రింగుచు, చిగుళ్ళ వ్యాధిని ముదరబెట్టుకొనుచున్నారు.

తన వాసన తనకు తెలియదు

ఎడతెగక సోకు వాసనకు నాసిక అలవాటుపడిపోవును. అందుచే తన నోటివాసన తనకు తెలియదు. అరచేతిలోనికి ఊది వాసన చూచుకొనుట నమ్మదగిన పద్ధతి కాదు. మణికట్టును నాలుక వెనుకభాగముతో తాకించి, కొన్ని క్షణములు ఆరనిచ్చి, వాసన చూచుట కొంత మేలు. నాలుక వెనుక గీసిన పూతను వాసన చూచుట మరియొక మార్గము. అన్నిటికంటె నమ్మదగినది ఇంటిలోనివారి మాట. గంధక వాయువులను కొలుచు యంత్రములు వచ్చినను, శిక్షణపొందిన వైద్యుని ముక్కే నేటికిని ప్రమాణముగా నిలిచియున్నది.

దీనికి విపర్యయముకూడ ఉన్నది. ఏ వాసనయు లేకున్నను తమ నోరు కంపుకొట్టుచున్నదని గాఢముగా నమ్మి, ఎదుటివారు ముక్కు తాకికొన్నను తమకొరకే అని కుమిలిపోవువారు కలరు. వీరికి కావలసినది పుక్కిటిమందు కాదు. మనసునకు వైద్యము, ఆత్మీయుల ఓదార్పు.

చేయవలసినది

లవంగము, ఏలకి, సోపు నమలినచో వాటి సువాసన దుర్వాసనను కొంతసేపు కప్పును. లాలాజలమును ఊరించుటకూడ వాని మేలే. కాని అవి మూలమును తీయవు. పుక్కిటిమందుల ప్రచారముకూడ జాగ్రత్తగా చూడదగినది. 1879లో శస్త్రచికిత్సలలో వాడుటకై తయారైన లిస్టరిన్ అను క్రిమినాశినిని, 1920వ దశకమున అమెరికాలో నోటి దుర్వాసనకు మందుగా పత్రికలలో ప్రకటించిరి. హాలిటోసిస్ అను వైద్యపదము ఆ ప్రకటనలవలననే ఇంటింటికి తెలిసినది. జనుల సిగ్గే ఆ వ్యాపారమునకు పెట్టుబడి అయినది.

పుక్కిటిమందులన్నియు వ్యర్థములని కాదు. జింకు లవణములు గంధకముతో కలిసి, ఆవిరిగా లేవని పదార్థముగా మార్చి వాసనను తగ్గించును. క్లోర్‌హెక్సిడిన్ సూక్ష్మజీవులను బలముగా అణచును. కాని దీర్ఘకాలము వాడినచో దంతములపై గోధుమరంగు మరకలు పడును, రుచి మారును. కావున దానిని వైద్యుని సలహాపై కొద్దిదినములు వాడుట మంచిది. నోటిని పూర్తిగా నిర్జీవము చేయుట సాధ్యమును కాదు, మంచిదియు కాదు. ఆకుకూరలలోని నైట్రేటును నైట్రైటుగా మార్చునవి నాలుకమీది కొన్ని బాక్టీరియములే. దానినుండి శరీరమున ఏర్పడు నైట్రిక్ ఆక్సైడు రక్తనాళములను సడలించి, రక్తపుపోటును అదుపులో ఉంచుటకు తోడ్పడును. ఘాటైన క్రిమినాశినులతో వీనిని నశింపజేసినప్పుడు రక్తపుపోటు కొద్దిగా పెరుగుట పరిశోధనలలో కనబడినది. న్యూజీలాండులోని ఒటాగో విశ్వవిద్యాలయమున స్ట్రెప్టోకోకస్ సలైవేరియస్‌లో కె-12 అను ఒక మంచి తెగను వేరుచేసి, చెడ్డవానికి పోటీగా నోటిలో నాటుటకు ప్రయత్నములు జరిగినవి.

మిగిలినవి ఖర్చులేని పనులు. ఉదయమును, రాత్రి పరుండబోవుముందును మెత్తని కుంచెతో, ఫ్లోరైడుగల పేస్టుతో, తొందరలేక రెండు నిమిషములు తోమవలయును. రాత్రి తోముట మరి ముఖ్యము. ఆ తరువాత లాలాజలపు కాపలా ఉండదు గదా. ఇటుకపొడి, బొగ్గు, కచ్చిక వంటి గరుకుపొడులు పంటిని అరగదీయును. పండ్ల సందులను దారముతోనో, సన్నని కుంచెతోనో శుభ్రపరచవలయును. నాలుకబద్దను వెనుకనుండి ముందునకు, నెత్తురు రానంత మెల్లగా రెండుమూడుమారులు లాగవలయును. భోజనమైన తరువాత నీటితో నోరు బాగుగా పుక్కిలించుట మన ఇండ్లలో ఉన్న మంచి అలవాటు. దానిని విడువరాదు. కట్టుడుపండ్లు ఉన్నవారు వానిని రాత్రి తీసి, కడిగి, నీటిలో ఉంచవలయును. నీరు చాలినంత త్రాగుట, పొగాకు మానుట, ఏటికొకమారైన దంతవైద్యునకు నోరు చూపించుట మరువరాదు.

ఇంత చేసినను రెండుమూడు వారములకు వాసన తగ్గకున్నచో, చిగుళ్ళనుండి రక్తము కారుచున్నచో, సిగ్గుపడి దాచుట తగదు. ఇంటిలోనివారికి ఎవరికైన ఈ బాధ ఉన్నచో నలుగురిలో ఎత్తిపొడువక, ఏకాంతమున మృదువుగా చెప్పి వైద్యునివద్దకు తీసికొనిపోవుట ఆత్మీయుల ధర్మము. చెప్పిన మాట ఆ నిమిషమున కష్టముగా తోచినను, అది ఆ మనిషి పండ్లను కాపాడిన మాట కావచ్చును.